నాడి లయ తప్పితే: వైద్యం లేని గుండె దడ తెచ్చే ముప్పు



పక్షవాతం వచ్చిన ఇంటిని చూడనివారు మన బయ్యారంలో గానీ, చుట్టుపక్కల తండాల్లో, గూడేల్లో గానీ ఉండరు. నిన్నటిదాకా దుకాణం నడిపిన మనిషి మంచాన పడతాడు. అతణ్ణి లేపి కూర్చోబెట్టడానికి ఇంట్లో ఇంకొకరు పని మానుకుంటారు. పెద్ద కొడుకు చదువు ఆగిపోతుంది. అప్పుడు సొసైటీకి అర్జీ వస్తుంది. చక్రాల కుర్చీ కావాలంటారు, మందులు కావాలంటారు, నెలకు సరిపడా బియ్యం కావాలంటారు. మనం ఇస్తున్నాం. ఇవ్వాలి కూడా.

అయితే ఈ పక్షవాతాల్లో కొన్ని చెప్పకుండా వచ్చేవి కావు. నెలల ముందు, ఒక్కోసారి ఏళ్ల ముందు, రోగి మణికట్టు దగ్గర ఒక సూచన కనిపిస్తుంది. నాడి లయ తప్పి కొట్టుకుంటుంది. దాన్ని గుర్తించి, క్రమం తప్పకుండా మందు వాడితే ఆ పక్షవాతాల్లో ఎక్కువ భాగాన్ని ఆపవచ్చు. గుర్తించడం తేలికే. కష్టమంతా మందును మానకుండా వాడటంలో, నెలనెలా పరీక్ష చేయించుకోవడంలో ఉంది. పేద కుటుంబాలు సాధారణంగా తడబడేది అక్కడే. మన చందా ఇప్పటిదాకా సరిగా చేరనిదీ అక్కడికే. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇదే.

గుండె లయ అంటే ఏమిటి?

మన గుండెలో నాలుగు గదులున్నాయని పాఠశాలలో చదువుకున్నాం. పై రెండు కర్ణికలు, కింది రెండు జఠరికలు. కుడి కర్ణిక పై భాగంలో లయారంభకం అనే చిన్న కణుపు ఉంటుంది. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ ముందు కర్ణికలకు, తర్వాత జఠరికలకు చేరుతుంది. కర్ణికలు ముడుచుకుని రక్తాన్ని కిందికి పంపితే, జఠరికలు దాన్ని శరీరానికి పంపుతాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఇది నిమిషానికి 60 నుంచి 100 సార్లు జరుగుతుంది. నిమిషానికి 72 సార్లు అనుకుంటే రోజుకు 1,03,680 సార్లు అన్నమాట.

కొందరిలో ఈ క్రమం చెడిపోతుంది. కర్ణికల్లో ఒక్కచోట పుట్టాల్సిన ప్రేరణలు నిమిషానికి 350 నుంచి 600 దాకా, ఎక్కడపడితే అక్కడ పుడతాయి. కర్ణికలు ముడుచుకోవడం మానేసి వణుకుతూ ఉంటాయి. ఈ వణుకులో కొన్ని మాత్రమే కిందికి దిగుతాయి. అవీ ఒక వరుసలో దిగవు. అందుకే నాడి ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి గట్టిగా, ఒకసారి నీరసంగా తగులుతుంది. దీన్ని వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మనం కర్ణికల వణుకు అనుకుందాం.

కొందరికి గుండె దడ, ఆయాసం, నీరసం, తల తిరగడం తెలుస్తాయి. చాలామందికి ఏమీ తెలియదు. ఏమీ తెలియకపోయినా ప్రమాదం మాత్రం తగ్గదు.

పక్షవాతం ఎలా వస్తుంది?

మన బయ్యారం చెరువునే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన ఆ చెరువులో తూము దగ్గర నీరు కదులుతూ ఉంటుంది, తేటగా ఉంటుంది. కదలిక లేని మూలల్లో నాచు పడుతుంది. గుండెలోనూ అలాంటి మూల ఒకటుంది. ఎడమ కర్ణికకు ఆనుకుని చిన్న సంచి లాంటి భాగం ఉంటుంది. కర్ణిక సరిగా ముడుచుకుంటున్నంత కాలం ఆ సంచిలోని రక్తం కదులుతూ ఉంటుంది. కర్ణిక వణుకుతూ ఉండిపోతే రక్తం అక్కడ నిలిచి గడ్డకడుతుంది.

ఆ గడ్డ ఊడి బయలుదేరితే ఎడమ జఠరిక గుండా మెడ రక్తనాళాల్లోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు. పెద్ద నాళంలో ఇరుక్కుంటే మెదడులో ఆ భాగానికి రక్తం అందదు. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట పోవడం నిమిషాల్లో జరిగిపోతాయి. గుండె నుంచి వచ్చే గడ్డలు పెద్దవి కావడం వల్ల ఇలాంటి పక్షవాతం సాధారణంగా తీవ్రంగానే ఉంటుంది.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే పట్టణ ప్రజలను వైద్యులు దశాబ్దాల పాటు పరిశీలించారు. కర్ణికల వణుకు ఉన్నవారికి, లేనివారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువని తేలింది. దానికి తోడు రుమాటిక్ జబ్బుతో కవాటం కూడా దెబ్బతిని ఉంటే ఆ ముప్పు 17 రెట్లకు పెరుగుతుందని అదే పరిశీలన 1978లో చెప్పింది. ఈ రెండో సంఖ్య మనకు ఎక్కువ అవసరం. ఎందుకో చూద్దాం.

మన దేశంలో తేడా ఎక్కడ?

పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా వృద్ధుల జబ్బు. వయసు, రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, థైరాయిడ్, మద్యం దీనికి కారణాలు. ఆ కారణాలు మనకూ ఉన్నాయి, పెరుగుతున్నాయి కూడా. వాటికి తోడు మనకు ఇంకొకటి ఉంది. 46 దేశాల్లో, ఈ జబ్బుతో అత్యవసర విభాగానికి వచ్చిన 15 వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2014లో ఒక నివేదిక ప్రచురించారు. ఉత్తర అమెరికా రోగుల్లో రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవారు నూటికి 2.2 మంది మాత్రమే. భారతదేశంలో నూటికి 31.5 మంది.

రుమాటిక్ గుండె జబ్బు బడి వయసులో మొదలవుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. సరైన మందు పడకపోతే కొందరిలో రెండు మూడు వారాల తర్వాత కీళ్ల వాపులతో మళ్లీ జ్వరం వస్తుంది. మోకాలు తగ్గితే మడమ, మడమ తగ్గితే మోచేయి వాస్తుంది. కీళ్లు బాగైపోతాయి గానీ గుండె కవాటాలు దెబ్బతింటాయి. ఈ జ్వరం మళ్లీ మళ్లీ వస్తే ద్విపత్ర కవాటం మందమై, సన్నబడుతుంది. రక్తం కిందికి దిగక ఎడమ కర్ణిక ఉబ్బుతుంది. ఉబ్బిన కర్ణిక చివరికి వణకడం మొదలుపెడుతుంది.

ఇరుకు గదులు, ఎక్కువ మంది ఒకేచోట పడుకోవడం, వైద్యం ఆలస్యం కావడం దీనికి ఊతమిస్తాయి. అందుకే ఇది పేదల జబ్బు. కవాటం సన్నబడటం ఆడవారిలో ఎక్కువ. ముప్పై ఏళ్ల తల్లికి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే ఇంట్లోవాళ్లు రక్తం తక్కువనో, ఉబ్బసమనో అనుకుంటారు. కాన్పు సమయంలో గానీ, పక్షవాతం వచ్చాక గానీ అసలు విషయం బయటపడదు. అంటే మన దగ్గర ఈ పక్షవాతం నడివయసులో, చిన్నపిల్లల తల్లులకు కూడా వస్తుంది.

వైద్యం చేయించకపోతే జరిగే నష్టాలు

మొదటిది పక్షవాతం. దాని గురించి చెప్పుకున్నాం.

రెండవది గుండె బలహీనపడటం. నెలల తరబడి వేగంగా, క్రమం లేకుండా కొట్టుకుంటే గుండె కండరం అలసిపోతుంది. కాళ్లకు నీరు వస్తుంది. పడుకుంటే ఊపిరాడదు, రాత్రి లేచి కూర్చోవలసి వస్తుంది.

మూడవది గడ్డ మెదడుకు కాకుండా వేరేచోటికి పోవడం. కాలి నాళంలో ఇరుక్కుంటే కాలు చల్లబడి, తెల్లబడి, భరించలేని నొప్పి వస్తుంది. గంటల్లో వైద్యం అందకపోతే కాలు తీసేయాల్సి రావచ్చు. పేగుల నాళానికి చేరితే ప్రాణానికే ముప్పు.

నాలుగవది జ్ఞాపకశక్తి తగ్గడం. ఈ జబ్బు ఉన్నవారిలో మతిమరుపు వ్యాధి కూడా ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. వయసు మీద పడిందిలే అని మనం వదిలేస్తాం.

నాడి చూసుకోవడం ఎలా?

నాడి చూడటం మనకు కొత్త విద్య కాదు. యునానీ హకీములు నబ్జ్ పట్టుకునే రోగాన్ని అంచనా వేసేవారు. ఇబ్నె సీనా (980–1037) తన వైద్య గ్రంథం అల్ ఖానూన్‌లో నాడి గురించి వివరంగా రాశారు. లయ తప్పిన నాడిలో కూడా ఒక పద్ధతి ప్రకారం తప్పేది వేరు, ఏ పద్ధతీ లేకుండా తప్పేది వేరు అని ఆయన విడదీశారు. కర్ణికల వణుకులో కనిపించే నాడి రెండో రకానిది.

చూసే విధానం ఇది. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోవాలి. అరచేయి పైకి పెట్టి, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండో చేతి మూడు వేళ్లు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దానికి సొంత నాడి ఉంటుంది. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరిపోదు, తప్పిన లయ ఆ పదిహేను సెకన్లలో దొరక్కపోవచ్చు. అంకె ఒక్కటే కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో గమనించాలి.

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రసరణ పాఠం చెప్పేటప్పుడు చొక్కా గుండీలో అగ్గిపుల్ల గుచ్చి మణికట్టు మీద పెట్టి పిల్లలకు చూపిస్తాం. నాడి కొట్టుకున్నప్పుడల్లా పుల్ల ఊగుతుంది. పిల్లలకు అది ఆటలా ఉంటుంది. ఒక ఏడు ఇంట్లో పెద్దవాళ్ల నాడి మూడుసార్లు లెక్కపెట్టి రాసుకురమ్మని ఇంటిపని ఇచ్చాను. ఒక అమ్మాయి నానీ నాడి లెక్కల్లో మూడు అంకెలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ పిల్ల లెక్క తప్పలేదు. మానుకోటలో ఈసీజీ తీయిస్తే జబ్బు అదేనని తేలింది. ఆమెకు అప్పటిదాకా నొప్పి లేదు, దడ లేదు. పదో తరగతి పిల్ల చేయగలిగిన పనిని మన వైద్య శిబిరాల్లో మనం చేయలేమా?

ఒక హెచ్చరిక. లయ తప్పిన ప్రతి నాడీ ఈ జబ్బు కాదు. అప్పుడప్పుడు ఒక దెబ్బ ముందుగా పడటం ఆరోగ్యవంతుల్లో కూడా ఉంటుంది. తేల్చేది ఈసీజీయే. దడ వచ్చి పోతూ ఉంటే ఒక్కసారి తీసిన ఈసీజీలో దొరక్కపోవచ్చు. అప్పుడు రోజంతా లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష అవసరమవుతుంది. కవాటాల సంగతి ఎకో పరీక్షలో తెలుస్తుంది. థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించాలి.

చికిత్సలో తెలుసుకోవలసినవి

చికిత్స రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి గుండె వేగాన్ని, లయను అదుపు చేయడం. రెండోది రక్తం గడ్డకట్టకుండా చూడటం. పక్షవాతాన్ని ఆపేది ముఖ్యంగా ఈ రెండోది. దడ తగ్గింది కదా అని రెండో మందు మానేస్తే పక్షవాతం ముప్పు ఉన్నచోటే ఉంటుంది.

ఈ మందు అందరికీ అవసరం లేదు. కవాటం సన్నబడినవారికి తప్పనిసరి. మిగతావారిలో వయసు, రక్తపోటు, మధుమేహం, గుండె బలహీనత, ముందు వచ్చిన పక్షవాతం వంటివి లెక్కించి వైద్యులు నిర్ణయిస్తారు. ఆస్పిరిన్ వేసుకుంటున్నాం కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఈ జబ్బులో ఆస్పిరిన్ ఇచ్చే రక్షణ చాలా తక్కువ. వార్ఫరిన్ తరగతి మందులు పక్షవాతం ముప్పును మూడింట రెండు వంతుల దాకా తగ్గిస్తాయి. మన దుకాణాల్లో ఎసిట్రోమ్ పేరుతో దొరికేది ఈ తరగతిదే.

వార్ఫరిన్ ఒకప్పుడు ఎలుకల మందు అని విని భయపడి మానేసేవారున్నారు. 1948లో అది ఎలుకల మందుగా వచ్చిన మాట నిజమే. 1954 నుంచి మనుషులకు ఔషధంగా వాడుతున్నారు. తేడా అంతా మోతాదులో ఉంది. మోతాదు తక్కువైతే గడ్డ కడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం అవుతుంది. అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. సాధారణంగా అది 2, 3 మధ్య ఉండాలి. కుదురుకునేదాకా తరచుగా, తర్వాత ఇంచుమించు నెలకోసారి చేయించాలి.

ఐఎన్ఆర్ అవసరం లేని కొత్త మందులు వచ్చాయి. రుమాటిక్ కవాట జబ్బు లేనివారికి అవి మంచివే. కానీ మన రోగుల్లో చాలామందికి ఉన్నది ఆ జబ్బే. భారతదేశంతో సహా 24 దేశాల్లో, రుమాటిక్ గుండె జబ్బుతో కర్ణికల వణుకు ఉన్న 4,500 మందికి పైగా రోగులపై జరిగిన ఇన్విక్టస్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. కొత్త మందు రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ తరగతి మందు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. లోహపు కవాటం వేయించుకున్నవారు కూడా వార్ఫరిన్ తరగతి మందే జీవితాంతం వాడాలి. కాబట్టి నెలనెలా పరీక్ష అనేది మన పేద రోగులకు తప్పని అవసరం.

ఈ మందు వాడేవారు ఇంట్లో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. గోంగూర, పాలకూర, మునగాకు మానేయనక్కర్లేదు. ఒక వారం అసలు తినకుండా, మరుసటి వారం రోజూ తినడం మాత్రం వద్దు. ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు, కడుపులో రక్తస్రావం కావచ్చు. ఆర్ఎంపీ దగ్గరికి వెళితే తాను రక్తం పలుచనయ్యే మందు వాడుతున్నానని ముందే చెప్పాలి, కండకు సూది వేయించుకోకూడదు. పన్ను తీయించుకునే ముందు కూడా చెప్పాలి. వార్ఫరిన్ వాడే స్త్రీలు గర్భం కోరుకుంటే ముందుగానే గుండె వైద్యుణ్ణి కలవాలి, ఆ మందు గర్భంలోని శిశువుకు హాని చేస్తుంది.

రంజాన్ మాసం గురించి ఒక మాట. రోజాలో ఉన్నామని మందు మానేయడం అత్యంత ప్రమాదకరం. నెల ముందే వైద్యుణ్ణి కలిస్తే మందు వేళలను ఇఫ్తార్‌కు, సహరీకి సర్దుతారు. గుండె బలహీనంగా ఉన్నవారిని, నీటి మాత్రలు వాడేవారిని వైద్యుడు రోజా వద్దంటే ఆ మాట వినాలి. రోగికి ధర్మం ఆ సడలింపు ఇచ్చింది. దాన్ని వాడుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చందా చేరవలసిన చోటు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కవాటం ఆపరేషన్‌కు, బెలూన్‌తో కవాటం తెరవడానికి ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది, వరంగల్‌లో ఎంజీఎం ఉంది. మానుకోటలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. పెద్ద ఖర్చుకు దారి ఉంది. ఆ దారి దొరకని చోట జుమా రోజు చందా అడిగితే చేతులు ముందుకొస్తాయి.

ఆపరేషన్ అయ్యాక మాత్రం ఎవరూ అడగరు. కవాటం తెరిచినా కర్ణికల వణుకు చాలామందిలో అలాగే ఉంటుంది, మందు కొనసాగించాలి. కూలికి పోయే మనిషి ఐఎన్ఆర్ పరీక్షకు పట్నం వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది. బస్సు చార్జీ, పరీక్ష రుసుము, మందు ఖర్చు అదనం. ఇదంతా కలిపినా, అర్జీ పెట్టుకునేంత పెద్ద మొత్తం కాదు. అందుకే అడగడానికి నామోషీ పడతారు. ఒక నెల తప్పుతుంది, రెండో నెల తప్పుతుంది. బాగానే ఉన్నాం కదా అని మందు మానేస్తారు. పక్షవాతం ఆ సందులోంచే వస్తుంది. లక్షలు పెట్టి చేయించిన ఆపరేషన్ వందల రూపాయలు అందక వృథా అవుతుంది.

కాబట్టి సొసైటీ పెద్దల ముందు నాలుగు సూచనలు ఉంచుతున్నాను.

1. మనం జరిపే ప్రతి వైద్య శిబిరంలో బీపీ, షుగర్‌తో పాటు నాడిని పూర్తి నిమిషం చూడాలి. లయ తప్పినవారికి అదే వారంలో ఈసీజీ తీయించాలి. స్త్రీలకు వేరుగా, స్త్రీల చేతనే చూపించాలి.

2. రక్తం పలుచనయ్యే మందు వాడే ప్రతి పేద రోగికి ఒక కార్డు ఇవ్వాలి. ఐఎన్ఆర్ తేదీ, ఫలితం, మందు మోతాదు అందులో రాయాలి. బస్సు చార్జీ, పరీక్ష ఖర్చు ఏడాదికి ఒకేసారి మంజూరు చేసి, నెలనెలా అడిగించుకోకుండా అందజేయాలి.

3. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి పడాలి. ఒక్కో పిల్లవాడి తేదీల బాధ్యత ఒక్కో ఉపాధ్యాయుడికో కార్యకర్తకో అప్పగించాలి. తరగతిలో గొంతు నొప్పి, జ్వరంతో ఉన్న పిల్లలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపే అలవాటు మా ఉపాధ్యాయులందరికీ కావాలి.

4. ఆపరేషన్‌కు సాయం చేసిన రోగి ఫైలును ఆపరేషన్ రోజున మూసివేయకూడదు. కనీసం ఒక ఏడాది ఆ ఇంటికి వెళ్లి మందు నడుస్తోందో లేదో చూడాలి.

పక్షవాతం లక్షణాలు కనిపిస్తే

మూతి ఒకవైపు జారడం, ఒక చేయి లేపలేకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లక్షణం మొదలైన సమయం రాసిపెట్టుకోవాలి. గడ్డను కరిగించే సూదిని సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. దానికి ముందు మెదడు స్కాన్ కావాలి కాబట్టి సిటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగాలి. రోగి వాడే మందుల కార్డును వెంట తీసుకెళ్లాలి. రక్తం పలుచనయ్యే మందు వాడుతున్న సంగతి తెలియకుండా ఆ సూది ఇస్తే ప్రమాదం. నోట్లో నీళ్లు, మాత్రలు వేయకూడదు. నాటు మందు కోసం ఊరూరా తిరిగి పోగొట్టుకున్న గంటలు మళ్లీ రావు.

మంచాన పడ్డ మనిషికి మనం ఇచ్చే సాయం పుణ్యమే. మంచాన పడకుండా ఆపే సాయం కంటికి కనిపించదు, దానికి ఫోటో ఉండదు, సభలో చప్పట్లు ఉండవు. కానీ సాయంత్రం తండ్రి తన దుకాణం తానే కట్టేసి ఇంటికి నడిచి వస్తాడు. పిల్లలు తెల్లారి బడికి వస్తారు. ఈ ఏడు జకాత్, సదఖా లెక్కలు వేసుకునేటప్పుడు నెలనెలా పరీక్షలకు కూడా ఒక పద్దు రాయవలసిందిగా దాతలను వినయపూర్వకంగా కోరుతున్నాను. ఈ రోజు ఇంటికి వెళ్లాక అమ్మీ, అబ్బాల చేయి పట్టుకుని ఒక నిమిషం నాడి చూడండి. దానికి చందా కూడా అక్కర్లేదు.